ఈగల మేష్టారు

మా జువాలజీ మేష్టారు పోయారట. పోయి కూడా చాన్నాళ్ళయిందట. విజయనగరం బస్టాండులో నాతోపాటు బీయస్సీ చదివినావిడ కనిపించింది. తన మోకాళ్ళ నొప్పులూ, కోడలి ఉద్యోగమూ అన్నీ అయ్యాక, బస్సు కదలబోయే ముందు ఈ మాట చెప్పింది. నాకు గుర్తు రాలేదనుకుని, "అదేనే, ఈగల మేష్టారు!" అని నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆయన చావు కబురుని మోకాళ్ళ నొప్పుల తరవాతకి వాయిదా వేసినందుకు వచ్చిన కోపం అది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నా తగ్గలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ ఇంటి సంగతి బయటపెట్టినట్టవుతుంది. ఆయన తమ్ముడి ఇంట్లో ఇప్పటికీ పిల్లలకి సంబంధాలు చూస్తూనే ఉంటారు.

నేను విజయనగరంలో చదువుకున్నది అరవైల చివర్లో. క్లాసులో ఆడపిల్లలం బొత్తిగా కొద్దిమందిమి. మేష్టారు పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టు నడిచేవారు. ఆయన వచ్చే ముందే వాసన వచ్చేది. మాగిన అరటిపండు, పులిసిన బెల్లం, వాటి మీద ఈథరు. చొక్కా జేబులో పెన్ను పక్కనే ఒక పావురం ఈక ఉండేది. మత్తుమందు పెట్టిన ఈగల్ని తెల్లటి పింగాణీ పలక మీద పోసి, వాటిని ఆ ఈక కొసతో అటూ ఇటూ జరిపేవారు. వేలితో ముట్టనిచ్చేవారు కాదు. "నీ వేలు దానికి రోకలమ్మా" అనేవారు.

ఈగలంటే మామూలు ఇంట్లో ఈగలు కావు. పండిన అరటి గెల మీద ముసురుతాయే, ఎర్ర కళ్ళ చిన్న ఈగలు, అవి. వాటిని పాలసీసాల్లో పెంచేవారు. సీసా అడుగున చోడి అంబలి, అదే రాగి అంబలి, అందులో ఇంత బెల్లం, పైన దూది బిరడా. ఆ అంబలి కాచే పని మాది. లాబులో పంపు స్టవ్వు బుస్సుమంటుంటే, అడుగంటకుండా తిప్పుతూ, ఇంటి దగ్గర మా అమ్మకి కూడా ఇంత శ్రద్ధగా వండిపెట్టలేదు కదా అని నవ్వుకునేవాళ్ళం.

అరటిపళ్ళ బండి దగ్గర ఆయన బేరం చూడాలి. నల్లబడి నీరు కారుతున్నవే ఏరుకునేవారు. బండివాడు సిగ్గుపడిపోయి, "మేష్టారూ, ఇయ్యి పసువులకేసీవండి. మంచియ్యి ఇస్తాను, పట్టుకెళ్ళండి" అనేవాడు. "మా పిల్లలకి ఇవే ఇష్టం బాబూ" అనేవారు ఈయన. మేష్టారి పిల్లలు ఏం తిని బతుకుతున్నారో అని బండివాడు ఊరంతా జాలిపడ్డాడు. ఆ జాలి స్టాఫ్ రూము దాకా వచ్చింది. ఆయన తల చుట్టూ ఎప్పుడూ రెండు మూడు ఈగలు తిరుగుతూండేవి. పక్క కుర్చీవాళ్ళు విసుక్కుని దూరం జరిగితే ఆయన గమనించేవారే కాదు.

లాబులో కిటికీకి దూరంగా, మూలనున్న బల్ల మీద మరికొన్ని సీసాలుండేవి. వాటిని మేం తిరుగుడు సీసాలనేవాళ్ళం. మామూలు ఈగల్ని గాజు గొట్టంలో వేసి అరచేతి మీద టక్కున కొడితే అన్నీ కిందపడతాయి, పడ్డవి పడ్డట్టే లేచి పైకి పాకుతాయి. వెలుగున్న వైపుకి పరిగెడతాయి. ఈ సీసాల్లోవి అలా కాదు. కొడితే కిందే ఉండిపోయేవి. ఉన్నచోటే గుండ్రంగా, ఒకే వైపుకి తిరుగుతూ ఉండేవి. మగవి ఆడవాటి ముందు ఒక రెక్క చాచి నాట్యం చెయ్యాలి కదా, వీటికి ఆ ఊసే లేదు. ఎక్కణ్ణించో తెప్పించినవి కావివి. మా ఊరి అరటి మండీలో పట్టిన ఈగల సంతానమే.

ఒకసారి మాలో ఒకడు వాటిని పిచ్చి ఈగలన్నాడు. మేష్టారికి కోపం రావడం నేను చూసింది ఆ రోజే.

"పిచ్చేటి? ఎవడ్రా నీకు చెప్పింది పిచ్చని? పురుగు గూడు కట్టుకుని అందులో పడుకున్నప్పుడు దాని మెదడు కొత్తగా అల్లుకుంటుంది. ఆ అల్లికలో తేడా వచ్చింది. దాని తప్పా అది?"

తరవాత మమ్మల్ని పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. గుండుసూది మొనంత తలని మైనంలో పెట్టి పల్చగా కోసి, రంగు వేసిన స్లైడు అది. బాగున్న ఈగ తలలో అటొకటీ ఇటొకటీ పుట్టగొడుగుల్లాంటి రెండు ముద్దలు, కాడలతో సహా ముచ్చటగా ఉన్నాయి. రెండో స్లైడులో ఒక పక్కన కాడే లేదు. ముద్ద కుంచించుకుపోయి ఉంది. ఇంత చిన్నదానికి మెదడు ఉండడమే వింత అనుకుంటే, దానికి జబ్బు కూడానా అనిపించింది నాకు.

"మరి వీటి తల్లిదండ్రులు కూడా ఇంతేనా సార్?" అని అడిగాను.

"కాదమ్మా. వాళ్ళు బాగానే ఉంటారు. ప్రతి గుణానికీ రెండు పాళ్ళుంటాయి, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది కాస్తుంది. చెడ్డవి రెండూ ఒకే బిడ్డలో కలిస్తేనే ఇలా అవుతుంది. బయటివాటితో జత కడితే కలవడం అరుదు. ఒక తల్లి పిల్లలకే జత కడితే..." అని అక్కడ ఆపేశారు. పలక మీద ఈగలు మత్తు వదిలి కదులుతుంటే చూస్తూ ఉండిపోయారు.

ఆ మాట ఎందుకు ఆపారో, వాళ్ళింటికి వెళ్ళిన రోజు తెలిసింది. చోళ్ళు అయిపోయాయని ఇంటి దగ్గర్నుంచి తెమ్మని పంపారు. కోట వెనక వీధిలో పెంకుటిల్లు. వరండాలో రాటని ఒక చేత్తో పట్టుకుని, తొమ్మిదేళ్ళ పిల్ల గుండ్రంగా తిరుగుతోంది. పచ్చటి గౌను, నూనె రాసి బిగించిన జడ, మెడలో తాయెత్తులు. నన్ను చూడలేదు. చూసినా చూసినట్టు లేదు. తిరుగుతూనే ఉంది.

మేష్టారి భార్య బయటికి వచ్చి, "రామ్మా, దానికి మాటలు రావు. ఏటీ అనదు" అంది. సన్నగా, నాకంటే పదేళ్ళు కూడా పెద్దదై ఉండదు. ఆవిడ మేష్టారికి సొంత అక్క కూతురు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా ఆయన్ని "మావా" అనే పిలిచేది. మా వైపు అలాంటి పెళ్ళిళ్ళు ఇంటింటా ఉన్నాయి. అక్కని మేం అప్ప అంటాం. మేష్టారి తల్లి చిన్నప్పుడే పోతే ఆ అప్పే ఆయన్నీ, ఆయన తమ్ముణ్ణీ చంకనేసుకుని పెంచింది. పెంచి, పెద్ద కూతుర్ని మేష్టారికే ఇచ్చింది.

ఆ తరవాత నేను తరచూ వెళ్ళేదాన్ని. ఒకరోజు చోళ్ళు చెరుగుతూ ఆవిడే చెప్పింది.

"ఇది కడుపులో ఉన్నప్పుడు సూర్యగ్రహణం వచ్చిందమ్మా. మాయమ్మ కబురెట్టింది, గది తలుపులేసుకుని కదలకుండా పడుకోమని. మావేమో నవ్వేసీనారు. గ్రహణమంటే ఉట్టి నీడే కదా, నీడ ఏటి సేస్తాదని పెరట్లోకి తీసుకెళ్ళి, పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో సూపించీనారు. నేనూ సూసేను. సరదా పడ్డాను కూడా. నాకైనా బుద్ధి ఉండాలి గదా. వద్దు మావా అంటే బలవంతం సేసే మనిషా?"

ఆవిడ చేట పక్కన పెట్టి, గొంతు తగ్గించింది. "రెండో బిడ్డని వద్దంటారు. ఎందుకంటే మాటాడరు. నా మీద ఇంకా కోపం పోనేదు."

అప్పకి మాత్రం కోపమంతా తమ్ముడి మీదే. వచ్చినప్పుడల్లా, "నీ సదువే నా మనవరాల్ని తినేసింది" అనేది. ఆయన తల వంచుకుని ఆ మాట పడేవారు. శ్రీకూర్మం దగ్గర వాళ్ళ ఊరు. ఏటేటా పిల్లని కూర్మనాథుడి గుడికి తీసుకెళ్ళి ప్రదక్షిణాలు చేయించేది. అక్కడ ఆ పిల్లని ఆపడమే కష్టమయ్యేదట. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకునేవారట. ఈ మాట చెప్తూ మేష్టారి భార్య నవ్వింది. ఆ నవ్వు నేను మర్చిపోలేను.

నేను ఆఖరి సంవత్సరంలో ఉండగా అప్ప తన రెండో కూతురికి పెళ్ళి తలపెట్టింది. వరుడు మేష్టారి తమ్ముడే. మళ్ళీ అదే మేనరికం. ఇంటికి పెద్దవాడు కాబట్టి మేష్టారు ఊఁ అంటే ముహూర్తం పెట్టేస్తారు. ఆయన ఊఁ అనలేదు. ఉహూఁ అనడానికీ నోరు రాలేదు. వద్దనాలంటే కారణం చెప్పాలి. కారణం చెప్తే భార్యకీ చెప్పినట్టే. అంబలి గరిట చేతిలో పట్టుకుని నాతో ఒక్కసారి అన్నారు: "మా పెళ్ళే తప్పని చెప్తే ఆవిడకింకేం మిగుల్తుందమ్మా? గ్రహణం మీదకి తోసేస్తే నేను చెడ్డవాణ్ణవుతాను, అంతే కదా అనుకున్నాను." ఆవిడ ఆ గ్రహణాన్ని తన నెత్తినే వేసుకుందని ఆయనకి తెలీదు. నేను చెప్తే స్టవ్వు ఆపేసి కూర్చుండిపోయారు.

ఆ వారంలోనే అప్పనీ భార్యనీ కాలేజీకి రప్పించారు. ప్రాక్టికల్ రికార్డు రాసుకుంటున్న నేను లేవబోతే, ఉండమ్మా, గొట్టాలు అందించు అన్నారు. అప్ప ముక్కుకి నత్తులతో, భారీ మనిషి. మా వైపు ముసలమ్మల్లాగే చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతూ వచ్చింది.

"అప్పా, సుట్ట ఆర్పీ. ఇక్కడ మందుంది, అంటుకుపోతాది."

"ఏట్రా ఇది, సారా కొట్టులాగ కంపు కొడతన్నాది!" అంటూ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుంది. "ముహూర్తం అడుగుతుంటే ఈగల్ని సూడమంటావేటి?"

మేష్టారు మొదటి గొట్టం అరచేతి మీద కొట్టారు. ఈగలన్నీ పైకి పాకాయి. రెండోది కొట్టారు. ఆవిడ కళ్ళు చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మ... మన పిల్లగుంటలాగే తిరగతన్నాయిరా."

"అవునప్పా. ఈటి అమ్మా బాబూ ఒక కడుపున పుట్టినోల్లు. సూడ్డానికి ఇద్దరూ బాగున్నారు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగుండిపోయింది. రెండూ ఒక బిడ్డలో కలిసీసరికి మెదడు సరిగ్గా కట్టుకోనేదు."

"ఈగలకి వావీ వరసా ఏటిరా?"

"నేదు. నేనే జత కట్టేను. సూద్దామని."

ఆవిడకి అర్థమైందని మొహమే చెప్తోంది.

"ఈగల్ని బట్టి మనుసుల్ని సెప్పీయలేం. నాకు తెలుసు. కానీ అప్పా, మన సిన్నాయన గుర్తున్నాడా? మాట రానోడు. సావిట్లో రాటకి కట్టీసేవోరు. అది మన నాన్న వైపునుంచి నీలోకీ వచ్చింది, నాలోకీ వచ్చింది. నీనుంచి నీ పెద్దదానికి వచ్చింది. నీ సిన్నదానిలోనూ, మన తమ్ముడిలోనూ ఉండొచ్చు. ఇయ్యకే. బయటికి ఇయ్యి. నీ కాళ్ళట్టుకుంటాను."

"మరి నా పెద్దదాన్ని నీకిచ్చినప్పుడు ఏల సెప్పనేదు?"

"అప్పుడు నాకు తెల్దే అప్పా."

ఆవిడ గొట్టం తీసుకుని మళ్ళీ చూసింది. "పనయిపోయినాక ఈటిని ఏటి సేస్తావు?"

ఆయన చూపు బల్ల చివరికి పోయింది. పని అయిపోయినవాటిని ఆముదం గిన్నెలో ఒంపి చంపేస్తాం. ఆ గిన్నె బల్ల చివరే ఉంది, నల్లగా తెట్టు కట్టి. ఆవిడ దాన్ని చూసింది.

"నా మనవరాల్ని ఏ గిన్నెలో ఒంపుతావురా?" అంది.

మేష్టారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు, అంతవరకూ గోడకి ఆనుకుని ఉన్న ఆయన భార్య, "మావా" అంది. "అయితే గ్రహణం కాదా?"

"కాదు."

"నేను పళ్ళెంలో సూసీడం వల్ల కాదా?"

"కాదే. నీ తప్పేటీ నేదు."

"రెండో బిడ్డని వద్దన్నది ఇందుకేనా? నా మీద కోపం కాదా?"

ఆయన కాదన్నట్టు తల ఊపారు. ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఏం అనాలో నాకేం తెలుసు? పెళ్ళికాని పిల్లని. వీపు నిమురుతూ ఉంటే ఆవిడ, "తేలికైపోయిందమ్మా, తేలికైపోయింది" అంటూనే ఇంకా గట్టిగా ఏడ్చింది. ఇక ఎప్పటికీ రెండో బిడ్డ లేదని కూడా ఆవిడకి ఆ నిమిషంలోనే తెలిసింది కదా.

అప్ప ఇంటికి కూడా రాకుండా, కాలేజీ గేటు దగ్గర్నుంచే శ్రీకాకుళం బస్సెక్కేసింది. మేనరికం ఆగింది. చిన్నదాన్ని పాలకొండ వైపు ఇచ్చారు. తమ్ముడికి బొబ్బిలి నుంచి పిల్లని తెచ్చారు. అప్ప మాత్రం మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. కబురు పంపితే తిరుగు కబురు కూడా లేదు. తల్లిలా పెంచిన మనిషి మాట్లాడకపోతే ఎలా ఉంటుందో ఆయన నడక చూస్తే తెలిసేది. తిరుగుడు సీసాల్లోవాటిని ఆ తరవాత ఆముదంలో వెయ్యనివ్వలేదు. "వాటంతట అవే పోనీ. అంబలి పెడుతూ ఉండండి" అన్నారు. పెట్టాం.

నా చదువు అయిపోయింది. గజపతినగరంలో బడిలో చేరాను. మరుసటేడు వానల్లో కబురు తెలిసింది. పిల్లకి మూర్ఛలు మొదలై, ఒకదాని మీద ఒకటి వచ్చి, తగ్గలేదట. నేను వెళ్ళేసరికే అన్నీ అయిపోయాయి. వరండాలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, దాని బాధ తీరిపోయింది, మీ బాధా తీరిపోయింది అని చెప్పి లేచి వెళ్తున్నారు. మేష్టారి భార్య వాళ్ళకేసి చూసిన చూపుకి నేనే తల తిప్పుకున్నాను. వాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, ఆ పిల్ల నవ్వితే ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వేవారు. ఆవిడ ఆ బిడ్డకి రోజూ రెండు పూటలా జడ వేసేది.

అప్ప వచ్చి ఉంది. రాట పక్కన, పిల్ల చెయ్యి రాసుకుని రాసుకుని నున్నగా అయినచోట తల ఆనించి కూర్చుంది. సగానికి సగం చిక్కిపోయింది. వచ్చిన దగ్గర్నుంచీ మెతుకు ముట్టలేదని, పిల్ల పోకముందు కూడా ఊళ్ళో సరిగా తినడం మానేసిందని మేష్టారి భార్య నాతో అంది. ఎవరు కంచం పెట్టినా పక్కకి జరిపేస్తోందట.

మధ్యాహ్నం మేష్టారు బయటినుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, ఆవిడ పిలిచింది.

"ఒరే, ఒక్క మాట అడుగుతాను. అది ఈగల సంగతే గదా? మనుసులకి అలగే అవ్వాలని నేదు గదా?"

ఆయన రెండో చెప్పు కూడా విడిచి ఆవిడ వైపు తిరిగారు.

"నువ్వు సదువుకుంటాను, పెల్లి అప్పుడే వద్దన్నావు. నేనే పట్టు పట్టేను. బయటికిస్తే నా పిల్లని ఎలగ సూస్తారో, నా తమ్ముడైతే పువ్వులాగ సూసుకుంటాడని. మీ ఇద్దర్నీ నేనే కదరా కలిపేను, నువ్వా ఈగల్ని కలిపినట్టు. ముద్ద నోటికాడికి వస్తే అదే గుర్తొస్తన్నాది. సెప్పరా. నా వల్లేనా?"

ఒక్క ఈగని తప్పుగా గుర్తించినందుకు నా రికార్డు మొత్తం తిరగరాయించిన మనిషాయన. ఊరకే నోటిమాటకైనా లేనిది ఉందనగా నేను వినలేదు. ఆయన వచ్చి అప్ప పక్కన నేల మీద కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేదప్పా. ఆ ఈగల సంగతి నేనే తప్పుగా సూసేను. గ్రహణమే. సదువుకున్నోన్ననే పొగరుతో దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళి సూపించేను. నువ్వు వద్దని కబురెట్టినా యిన్నేదు. నీ వల్లేటీ నేదు."

"నిజమా?"

"నిజమే."

మేష్టారి భార్య అన్నం కంచంతో గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. నాకు భయం వేసింది. గ్రహణం అంటే ఆవిడ కూడా అందులో ఉన్నట్టే కదా. ఆవిడ ఒక్క క్షణం భర్త కళ్ళలోకి చూసి, వచ్చి కంచం తల్లి ముందు పెట్టింది. "లెయ్యమ్మా, సెయ్యి కడుక్కో" అంది.

అప్ప బావురుమంది. ఏడుస్తూనే తమ్ముడి వీపు మీద దబదబ బాదింది. "నేనప్పుడే సెప్పేనా, ఎదవా! సెప్తే యిన్నావా? నా బంగారాన్ని పొట్టనెట్టుకున్నావు గదరా!" అంటూ చెయ్యి కడుక్కుంది. ముద్ద కలిపింది. తింటూ తిడుతూనే ఉంది. మేష్టారు పక్కనే కూర్చుని, ఆవిడ కంచంలో మజ్జిగ పోస్తూ, "అవునప్పా, అవునప్పా" అంటూనే ఉన్నారు.